ఆరో షరతు: తిరుపతిలో పేద వృద్ధులకు బాడుగ గదులు కట్టిన కేసు

తిరుపతి అంచున ఉన్న ఒక కాలనీలో పేద వృద్ధులకు తక్కువ బాడుగకు గదులు కట్టే పని మా ట్రస్టు చేపట్టింది. దానికి నేను కోఆర్డినేటర్‌ని. కార్పొరేషన్ నుంచి ప్లాన్ మంజూరైంది, బోరు వేశాం, పునాదికి ముగ్గు పోశాం. సరిగ్గా అప్పుడు కాలనీవాళ్లు 43 సంతకాలతో కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌కు వెళ్లి అర్జీ ఇచ్చారు. పని ఏడు నెలలు ఆగింది. ఇప్పుడు ఆ గదుల్లో 24 మంది ఉంటున్నారు. ఈ మధ్యలో ఏం జరిగిందో, మేం ఎక్కడ తప్పు చేశామో రాస్తున్నాను. ఇదే పనిలో ఉన్నవాళ్లకు మా తప్పులు ఎక్కువ పనికొస్తాయి కాబట్టి వాటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. కాలనీ పేరు గానీ మనుషుల పేర్లు గానీ రాయడం లేదు. వాళ్లందరూ ఇప్పుడు మా వాళ్లకు ఇరుగుపొరుగు.

ఎవరి కోసం కట్టాం

తిరుపతి యాత్రికుల మీద నడిచే ఊరు. లాడ్జీల్లో దుప్పట్లు ఉతికేవాళ్లు, హోటళ్లలో గిన్నెలు తోమేవాళ్లు, సత్రాలు ఊడ్చేవాళ్లు, పూలు కట్టేవాళ్లు, బస్టాండు దగ్గర ఇడ్లీ బండి పెట్టుకునేవాళ్లు లేకపోతే ఈ ఊరికి ఒక్క పూట గడవదు. వీళ్లలో ఎక్కువమందికి పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. ఒళ్లు సహకరించినంత కాలం పని, ఆ తర్వాత ప్రభుత్వ పెన్షన్. ఆ పెన్షన్ 2024 జూలైలో 3,000 నుంచి 4,000 అయింది. మా దగ్గరకు వచ్చినవాళ్లు చెప్పిన లెక్క ప్రకారం ఒక్క గదికి బాడుగ, కరెంటు కలిపి రెండున్నర వేలు అవుతుంది. మిగిలిన పదిహేను వందల్లో తిండి, బీపీ మాత్రలు, ఆటో ఖర్చు చూసుకోవాలి.

కానీ డబ్బు కంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి ఉంది. ఆ సంగతి నాకు అర్థమైంది గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టే ఒక అవ్వ వల్ల. ఆమెకు 72 ఏళ్లు. పిల్లల్లేరు, భర్త పోయి చాలా కాలమైంది. ఒకే గదిలో పన్నెండేళ్లు ఉంది. ఒక్క నెల కూడా బాడుగ ఆలస్యం చేయలేదు. ఒకసారి జ్వరం వచ్చి నాలుగు రోజులు లేవలేదు. ఇంటి ఓనరమ్మే గంజి కాచి తాగించింది, రుయా ఆస్పత్రికి తీసుకుపోయి చూపించింది. జ్వరం తగ్గి లేచి కూర్చున్నాక ఆమె దగ్గరకు వచ్చి, "అవ్వా, నువ్వు బాగుండగానే ఇంకో చోటు చూసుకో. ఇక్కడ నీకేమన్నా అయితే మా ఇంటికి మళ్లీ బాడుగకు ఎవురూ రారు" అని చెప్పింది.

ఆ ఓనరమ్మ చెడ్డమనిషి కాదు. గంజి పోసిన చెయ్యే ఖాళీ చెయ్యమంది. నక్షత్రం బాగాలేనప్పుడు చావు జరిగితే నెలల తరబడి ఇల్లు మూసిపెట్టాలనే నమ్మకం మన దగ్గర గట్టిగా ఉంది. ధనిష్ఠా పంచకం అంటే చదువుకున్నవాళ్లు కూడా వెనక్కి తగ్గుతారు. బాడుగ మీదే బతికే ఇంటికి అది కడుపు మీద దెబ్బ. అందుకే ఒంటరి ముసలివాళ్లకు గది దొరకదు, దొరికినా జ్వరం వచ్చేదాకే.

అవ్వ నా దగ్గరకు వచ్చినప్పుడు ఒక ట్రంకు పెట్టె, ఒక మూట తెచ్చుకుంది. మూటలో ఏముందని అడిగితే, "దారపు ఉండలమ్మా, పూలు కట్టే దారం" అంది.

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 19వ సెక్షన్ నిరుపేద వృద్ధుల కోసం ఆశ్రమాల గురించి చెబుతుంది. జిల్లాకు కనీసం ఒకటి, అందులో కనీసం 150 మందికి చోటు అని ఉంది. కానీ రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు 'చేయవచ్చు' అనే ఉంది తప్ప, చేసి తీరాలని లేదు. పైగా 150 మంది ఉండే ఆశ్రమం వేరు, అవ్వకు కావలసింది వేరు. ఆమె ఇంకా పూలు కడుతోంది, తన వంట తానే చేసుకుంటుంది. ఆమెకు కావలసింది, ఖాళీ చెయ్యమని ఎవరూ అనని ఒక గది. మేం కట్టాలనుకున్నది అదే. మనిషికి ఒక గది, తాళం చెవి వాళ్ల చేతిలోనే, బాడుగ నెలకు వెయ్యి, వంటగది ఉమ్మడి. ఒక దాత 120 అంకణాల స్థలం ఇచ్చారు. అంటే పది సెంట్లకు కాస్త తక్కువ. మొదటి ప్లాన్‌లో మూడు అంతస్తులు, 25 గదులు.

బోరు బండి

మా మొదటి తప్పు ఇక్కడే. ప్లాన్ మంజూరు కాకముందు కాలనీలో ఒక్క గడప కూడా తొక్కలేదు. చేతిలో అనుమతి ఉంటే ఎవరూ అడ్డుపడరని అనుకున్నాం. స్థలం మాస్టర్ ప్లాన్‌లో నివాస జోన్‌లోనే ఉంది, కాగితాలన్నీ శుభ్రంగా ఉన్నాయి, ఇంకేం భయం అనుకున్నాం. ఒక రాత్రి బోరు బండి వచ్చింది. తెల్లవార్లూ ఆ చప్పుడుకు వీధి వీధంతా నిద్రలేచి కూర్చుంది. "ఇక్కడేం కడుతున్నారు?" అని ఎవరో అడిగితే, "ముసలోళ్ల ఆశ్రమమంట సార్, దిక్కులేనోళ్లను పెడతారంట" అని డ్రైవర్ చెప్పాడు. పొద్దునకల్లా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆ మాట పెరిగి పెద్దదైంది. అనాథ శవాలు తెస్తారన్నారు, మతి స్థిమితం లేనివాళ్లను రోడ్డు మీద నుంచి తెచ్చి పెడతారన్నారు.

తర్వాత ఒకాయన నన్ను అడిగిన మాట నేను మర్చిపోలేను. "మా వీధిలో ఏం కడుతున్నారో మాకు బోరు బండి డ్రైవర్ చెప్పాలా మేడమ్?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

అర్జీలో ఏడు అభ్యంతరాలు రాశారు. కాలవ నిండిపోతుంది, నీళ్లు చాలవు, వచ్చీపోయే బండ్లకు చోటు ఉండదు, అంబులెన్సుల గోల ఎక్కువవుతుంది, రోగాలు వస్తాయి, ఆడపిల్లలకు సేఫ్టీ ఉండదు, అంకణం రేటు పడిపోతుంది. స్థలం లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిందని కింద ఒకరు చేత్తో రాసి చేర్చారు.

ఆ చివరి మాటను మేం అన్నిటికంటే ముందు తీసుకున్నాం. నిజంగా పార్కు స్థలమైతే తప్పు మాదే, మేమే తప్పుకోవాలి. బెంగళూరులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆస్పత్రికి కేటాయిస్తే అది చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే తీర్పు ఇచ్చింది. మంజూరైన లేఅవుట్ నకలు తీయించి చూశాం. పార్కు వేరే మూలన ఉంది, మా స్థలం దాత సొంత ప్లాటు. ఆ నకలు జిరాక్స్ తీసి కాలనీ అసోసియేషన్‌కు ఇచ్చాం. ఈ ఒక్క విషయంలో కాగితం పనిచేసింది.

మిగతా ఏడింటికి తొమ్మిది పేజీల సమాధానం రాశాను. ఎంతో శ్రద్ధగా రాశాను. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున 25 మందికి 3,375 లీటర్లు. అదే స్థలంలో 20 ఫ్లాట్ల అపార్టుమెంటు లేస్తే, ఫ్లాటుకు నలుగురి చొప్పున 10,800 లీటర్లు కావాలి. మా వాళ్లలో ఒక్కరికి కూడా కారు లేదు, స్కూటర్ లేదు. లెక్కలో ఒక్క తప్పు లేదు. ఆ ఉత్తరం చదివాక సంతకాలు 43 నుంచి 58కి పెరిగాయి.

ఎందుకు పెరిగాయో తర్వాత ఒక కుర్రాడు చెప్పాడు. "మీరు మమ్మల్ని ఓడించడానికి రాసినట్టుంది మేడమ్." నిజమే. నేను అలాగే రాశాను.

కాగితాలు లేకుండా

ఆ తర్వాత మా ట్రస్టు పెద్దలు కోర్టుకు వెళ్దామన్నారు. వద్దని నేను పట్టుబట్టాను. కోర్టులో గెలిచినా మా వాళ్లు బతకాల్సింది ఆ వీధిలోనే. అవ్వ రోజూ ఆ దారినే పూలకు పోవాలి. ఎదురింటివాళ్లు తలుపు వేసుకుంటే కోర్టు తీర్పు తెచ్చి చూపిస్తామా?

నేను, మా ఫీల్డు వర్కరు అమ్మాయి కలిసి రోజూ సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర దాకా ఇంటింటికీ తిరిగాం. చేతిలో ఫైలు లేదు, ప్లాన్ లేదు. సంతకం పెట్టనివాళ్ల ఇళ్లకు మొదట వెళ్లాం, ఆ తర్వాత పెట్టినవాళ్ల దగ్గరకు. రోజుకు నాలుగైదు ఇళ్లు. అసోసియేషన్ ఆఫీసు బేరర్ల ఇళ్లు చివరికి ఉంచాం. ముందే వెళ్తే అది పంచాయితీ అయిపోతుంది. సభ పెట్టి మాట్లాడటం కూడా మానేశాం. సభలో గట్టిగా అరిచేవాళ్ల మాటే వినిపిస్తుంది. ఇంట్లో అయితే మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెడతారు, పది నిమిషాలు కోప్పడతారు, పదకొండో నిమిషంలో అసలు మాట బయటికి వస్తుంది.

కాలనీలో సుమారు 90 ఇళ్లు. మేం వెళ్లిన ఇళ్లలో 26 ఇళ్లలో అరవై దాటినవాళ్లే ఉన్నారు. పిల్లలు బెంగళూరులోనో, చెన్నైలోనో, అమెరికాలోనో ఉంటారు. కొన్ని ఇళ్లలో మంచినీళ్లు తేవడానికి లేవబోయి మోకాళ్లు పట్టుకుని మళ్లీ కూర్చున్నారు. ముసలివాళ్లు తమ వీధిలోకి రాకూడదని సంతకాలు పెట్టిన వీధి ఇది అని అనిపించినా, నేను ఎవరి దగ్గరా ఆ మాట అనలేదు. అన్నందువల్ల ఎవరి మనసూ మారదు.

"పిల్లలే చూసుకోవాలి, చూడకపోతే కేసు పెట్టాలి, మీరెందుకు వాళ్ల తప్పును మోస్తారు" అని చాలామంది అడిగారు. ఈ మాటలో న్యాయం ఉంది. 2007 చట్టం ప్రకారం ఆర్డీవో స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు పది వేలకు మించకుండా పోషణ ఖర్చు ఇప్పిస్తారు. పిల్లలు లేనివాళ్లు, తమ ఆస్తి అనుభవిస్తున్న బంధువు మీద గానీ, తమ తర్వాత అది దక్కాల్సిన బంధువు మీద గానీ పెట్టుకోవచ్చు. మా దగ్గర అర్జీలు పెట్టించినవాళ్లూ ఉన్నారు. కానీ ఆస్తి లేదు, బిడ్డల్లేరు, ఉన్న ఒక్క కూతురు ఇటుకల బట్టీలో కూలి. ఇలాంటివాళ్లకు ఏ ట్రిబ్యునల్ ఎవరి దగ్గర నుంచి ఇప్పిస్తుంది? ఈ మాట విడమరిచి చెప్పినప్పుడు వినని ఇల్లు లేదు.

"ఊరి బయట కట్టుకోండి, అక్కడైతే గాలి బాగుంటుంది" అనే సలహా కూడా చాలా ఇళ్లలో వచ్చింది. వాళ్లు మంచి మనసుతోనే అన్నారు. కానీ రుయా ఓపీకి పొద్దున్నే లైనులో నిలబడాలి. రేషన్ తెచ్చుకోవాలి. సగం మంది ఇంకా ఏదో ఒక పని చేసుకుంటున్నారు. ఊరి బయట నుంచి ఆటోలో వచ్చిపోతే ఆ రోజు సంపాదన ఆటోకే పోతుంది.

గోడ మీద నీళ్ల గీత

ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు మమ్మల్ని గుమ్మంలోనే ఆపి, పక్కకు తీసుకెళ్లి కాంపౌండు గోడ చూపించారు. నేల నుంచి నా మోకాలికి పైదాకా గోధుమరంగు గీత ఒకటి ఉంది. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు మునిగినప్పుడు వచ్చిన నీళ్ల గుర్తు. దాని మీద సున్నం కొట్టించలేదు. "మర్చిపోకుండా ఉండాలని ఉంచాను" అన్నారు. ఆ రాత్రి వాళ్లావిడను మంచం మీద కూర్చోబెట్టి, మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి తెల్లారే దాకా గడిపారట. తర్వాత వీధి చివరన ఉన్న మా స్థలాన్ని చూపించారు. వాన నీళ్లన్నీ అటే పల్లానికి పోతాయి. "మీరు అక్కడ గోడ కడితే నీళ్లు వెనక్కి తన్ని మా ఇళ్లలోకి వస్తాయి. మీ ఇంజనీరు ఎండాకాలంలో వచ్చి చూసిపోయాడు కదా?"

అవును, ఏప్రిల్‌లో వచ్చి చూశాడు.

ఏడు అభ్యంతరాల్లో 'కాలవ' అనే ఒక్క మాట వెనక ఇంత ఉంది. నా తొమ్మిది పేజీల ఉత్తరంలో మురుగునీటి లెక్క రాశాను గానీ వాననీళ్ల ఊసే లేదు. ఆయన చెప్పింది పూర్తిగా నిజం. ఆయన చెప్పకపోతే మా గదుల్లోకే మొదట నీళ్లు వచ్చేవి, మంచం దిగలేనివాళ్లు కింది అంతస్తులో ఉండేవాళ్లు.

మరుసటి వారం ఇంజనీరును తీసుకొచ్చి ఆయనతో కలిసి వీధి పొడవునా నడిపించాం. ప్లాన్ మారింది. పీఠం ఎత్తు ఒక అడుగు నుంచి రెండున్నర అడుగులకు పెంచాం. కాలవ వైపు కాంపౌండు గోడ తీసేసి, అడుగున నీళ్లు పోయేలా దిమ్మెల మీద ఇనుప గ్రిల్లు పెట్టాం. గేటు ముందు తూములో చిన్న పైపు బదులు పెద్ద పైపులు వేశాం. పీఠం ఎత్తు పెంచితే ఇంకో చిక్కు వచ్చింది. చక్రాల కుర్చీకి ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. రెండున్నర అడుగులకు ముప్పై అడుగులు. మధ్యలో మలుపు, ఆగడానికి చదునైన చోటు పెట్టేసరికి ఒక గది స్థలం పోయింది. అలా 25 గదులు 24 అయ్యాయి. ఒక మనిషికి గది పోయిందని నాకు చాలా రోజులు మనసు బాగాలేదు. కానీ ఆ ర్యాంపు కమ్మీ పట్టుకుని పొద్దున్నే నడక సాగించే ముసలివాళ్లను ఇప్పుడు చూస్తుంటే ఆ నిర్ణయం సరైనదే అనిపిస్తుంది.

హెడ్మాస్టరు గారు సంతకం వెనక్కి తీసుకుంటానని తనంతట తానే అన్నారు. మేం అడగలేదు.

అసలు భయం

మా స్థలానికి ఎదురింటి ఆవిడ సంతకం అర్జీలో మూడోది. మూడుసార్లు వెళ్లినా అంకణం రేటు గురించే మాట్లాడింది. నాలుగోసారి వెళ్లేసరికి ఆమె వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నేనూ పక్కన కూర్చుని తీయడం మొదలుపెట్టాను. చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. తర్వాత తల ఎత్తకుండానే, "నిజం చెప్పనా అమ్మాయ్? మీ గేటు మా వాకిటికి నేరుగా ఉంది. పొద్దున్నే లేచి ముగ్గు వేసేటప్పుడు ఎదురుగా పాడె కనపడితే నేనెట్ల తట్టుకునేది? మా ఆయనకు రెండు స్టెంట్లు వేసినారు" అంది.

గదిలో టీవీ ముందు ఆయన కూర్చుని ఉన్నారు. ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

అర్జీలో ఈ మాట లేదు. ఏ అర్జీలోనూ ఉండదు. చావంటే భయమని ఎవరు రాసి సంతకం పెడతారు? దాని బదులు పార్కింగ్ అని రాస్తారు, రేటు అని రాస్తారు. ఆ సాయంత్రం నుంచి నేను ప్రతి ఇంట్లోనూ ముందు నేనే చావు మాట ఎత్తడం మొదలుపెట్టాను. మా దగ్గర ఎవరైనా పోతే ఏం చేస్తాం, ఎవరికి ఫోన్ చేస్తాం, బాక్సు ఎక్కడ పెడతాం, బండి ఎటు నుంచి వస్తుంది, అంత్యక్రియలు ఎవరు చేస్తారు, ఖర్చు ఎవరిది, అన్నీ దాచకుండా చెప్పాను. మొదట్లో కొందరు చెవులు మూసుకున్నారు. తర్వాత వాళ్లే ప్రశ్నలు అడిగారు. ఒక పెద్దాయన మాటల్లో మాటగా, తమ అబ్బాయి అమెరికా నుంచి రావడానికి రెండు రోజులు పడితే తమ సంగతేమిటని అడిగారు. ఆయన తన గురించే అడుగుతున్నారని ఇద్దరికీ తెలుసు.

ఎదురింటి ఆవిడ కోసం గేటును పదిహేను అడుగులు పక్కకు జరిపాం. ఖర్చు పెద్దగా కాలేదు. ప్లాన్ గీసేటప్పుడే ఆమె దగ్గరకు వెళ్లి ఉంటే ఆ కొద్ది ఖర్చూ ఉండేది కాదు.

ఒక ఇంట్లో మాత్రం మాట వేరే దారిలో పోయింది. "అందరూ ఒకే వంటగదిలోనా? ఎవరెవరిని పెడతారు?" అని ఆ ఇంటి పెద్ద అడిగారు. ఏం అడుగుతున్నారో అర్థమైంది. వయసు, ఆదాయం, ఒంటరితనం ఈ మూడే చూస్తామని, కులం రాసే గడే మా దరఖాస్తులో లేదని చెప్పాను. ఆయన లేచి లోపలికి వెళ్లిపోయారు. ఈ విషయంలో సర్దుబాటు చేసుకోవడానికి ఏమీ లేదు. గేటు జరపవచ్చు, గోడ తీయవచ్చు, ఇది మాత్రం జరపకూడదు. ఆయన ఇప్పటికీ మాతో మాట్లాడరు.

ఒప్పందం

ఐదో నెలలో వార్డు పెద్దమనుషుల సమక్షంలో అసోసియేషన్, ట్రస్టు కూర్చుని ఆరు షరతులతో ఒక కాగితం రాసుకున్నాయి. వాననీళ్ల దారి మూయకూడదు. 24 మందికి మించి ఉంచకూడదు. రాత్రిళ్లు ఒక మనిషి కాపలా ఉండాలి. కింది హాలు శనివారం బీపీ, షుగర్ చూసే క్యాంపు కోసం కాలనీవాళ్లకు కూడా తెరిచి ఉంచాలి. బోర్డు మీద 'అనాథ' అనే మాట ఉండకూడదు. ఈ ఐదోది మా కోరిక కూడా. మా వాళ్లు బాడుగ కట్టి ఉండేవాళ్లు, అనాథలు కాదు.

ఆరోది: ఎవరైనా చనిపోతే భౌతికకాయాన్ని రెండు గంటలకు మించి ఉంచకూడదు, వెనక సందు గుండానే తీసుకెళ్లాలి.

నేను వద్దన్నాను. గట్టిగానే అన్నాను. కాంట్రాక్టరుకు ఇచ్చిన అడ్వాన్సు, దాత ఓపిక, పెరిగిపోతున్న సిమెంటు ధర, అన్నీ మా ట్రస్టు పెద్దలు గుర్తు చేశారు. ఒక్క షరతు కోసం 24 మంది గదులు ఆపుకుంటామా అన్నారు. నేను ఊరుకున్నాను. సంతకాలు అయిపోయాయి. ఈ కేసు మొత్తంలో నాకు ఇప్పటికీ గుచ్చుకునేది అదే. ఆ బల్ల చుట్టూ పన్నెండు మంది కూర్చున్నాం. ఆ గదుల్లో ఉండబోయేవాళ్లు ఒక్కరూ లేరు. వాళ్ల శవం ఎటు నుంచి పోవాలో వాళ్లను అడగకుండానే తేల్చేశాం.

అనుమతి వచ్చాక కాలనీ దగ్గరకు వెళ్లడం మా మొదటి తప్పు అని రాశాను. ఇది రెండోది, మొదటిదాని కంటే పెద్దది.

మరుసటి రోజు అవ్వకు వెళ్లి చెప్పాను. దాచడం నాకు చేతకాలేదు. ఆమె పూలు కడుతూనే వింది. "నేను చచ్చినాక యా దావన పోతే ఏముందమ్మా. బతికుండగా ముందర గేటు నుంచి పోనిస్తారా, అది చెప్పు" అంది.

చేరాక

చేరిన రోజు ఒక్కొక్కరికీ తాళం, రెండు చెవులు ఇచ్చాం. ఒకటి వాళ్ల దగ్గర, ఒకటి ఆఫీసులో సీలు వేసిన కవరులో. అవ్వ తన చెవిని కొంగు అంచుకు ముడివేసి, తలుపు వేసి, తీసి, మళ్లీ వేసి చూసుకుంది. తర్వాత తాళం వేసిన తలుపు ముందే చాలాసేపు నిలబడింది.

మొదటి నెలలు మామూలు పనులతోనే గడిచాయి. పెన్షన్లు ఒకటో తేదీన ఇంటికి తెచ్చి ఇస్తారు కాబట్టి, పాత చిరునామాలో ఉన్నవాళ్లందరినీ ఈ వార్డు సచివాలయానికి మార్పించాలి. అదే పెద్ద పని అయింది. శనివారం క్యాంపుకు మొదట కాలనీ నుంచి ఇద్దరే వచ్చారు. నర్సమ్మ బాగా మాట్లాడే మనిషి. ఆమె పుణ్యమా అని మూడో నెలకు కుర్చీలు చాలలేదు. అంకణం రేటు సంగతి చెప్పాలంటే, మేం మొదలుపెట్టాక కాలనీలో రెండు కొత్త మిద్దెలు లేచాయి, ఒకటి మా గ్రిల్లు పక్కనే.

కార్తీక మాసంలో మా దగ్గర మొదటి మరణం జరిగింది. ఒక లాడ్జీలో పాతికేళ్లు నైట్ వాచ్‌మన్‌గా చేసిన తాత నిద్రలోనే పోయారు. తెల్లవారుజామున నాలుగున్నరకు కాపలా మనిషి ఫోన్ చేశాడు. ఇటుకల బట్టీలో పనిచేసే కూతురు హోసూరు దగ్గర ఉంది. ఆమె వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. రెండు గంటల షరతు ఎలా కుదురుతుంది? నేను హెడ్మాస్టరు గారికి ఫోన్ చేశాను. "ఉంచండమ్మా. బిడ్డ చూడకుండా ఎట్లా పంపిస్తాం" అన్నారు. ఐదున్నరకు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి మా హాల్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అసోసియేషన్ నుంచి ఒకరు ఫోన్ చేసి కాగితం గుర్తు చేశారు. నేను జవాబు చెప్పబోతుంటే హెడ్మాస్టరు గారు ఫోన్ అందుకుని, "నేను ఇక్కడే ఉన్నాను" అని మాత్రం చెప్పి పెట్టేశారు.

ఎదురింటి ఆవిడ ఆ రోజంతా తలుపు తీయలేదు. ముగ్గు కూడా వేయలేదు. చావు జరిగిన చోట పొయ్యి వెలిగించరని, మధ్యాహ్నం రెండు ఇళ్ల నుంచి అన్నం వచ్చింది. అందులో ఒకటి ఆమె ఇంటి నుంచే. పనమ్మాయి చేత పెద్ద గిన్నెలో అన్నం, చారు పంపింది. తను రాలేదు. కులం మాట అడిగిన ఇంటివాళ్లు బండి వెళ్లాక వాకిట్లో పసుపునీళ్లు చల్లుకున్నారు. ఇవి రెండూ నేను చూశాను, రెండూ రాస్తున్నాను.

కూతురు మూడు గంటలకు వచ్చింది. బట్టీ మట్టి ఇంకా కాళ్లకు ఉంది. వెనక సందులోకి బండి పట్టదు. ఒప్పందం రాసినరోజు ఎవరూ కొలత వేయలేదు. తాత ముందు గేటు నుంచే వెళ్లారు. మెట్ల దగ్గర మా వాళ్లందరూ నిలబడ్డారు, అవ్వ తను కట్టిన దండ వేసింది. ఎవరూ అడ్డురాలేదు.

ఆ ఆరో షరతు ఇప్పటికీ కాగితంలో అలాగే ఉంది. దాన్ని తీసేయమని వచ్చే నెల అసోసియేషన్ సమావేశంలో అడగబోతున్నాం. ఈసారి గదుల్లో ఉండేవాళ్లు ముగ్గురు మాతో పాటు వచ్చి కూర్చుంటారు. ఎవరెవరు రావాలో వాళ్లే తేల్చుకున్నారు. అవ్వ వస్తానంది, సాయంత్రం ఆరు తర్వాత అయితేనే. అప్పటిదాకా పూల పని ఉంటుంది.